రంధ్రము చిన్నదైన నీరు తగ్గునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగము)



నీరు పల్లమెరుగునను మాట పసిపిల్లలకును తెలిసినదే. కాని ఆ పల్లమునకు ఎంత నీరు పోవలెనను విషయము నీటి యిష్టమునకు విడిచినది కాదు. చెరువు క్రింద ఆయకట్టు గల గ్రామములలో ఆ విషయమై తగవులు పుట్టినవి, తలలు పగిలినవి, కోర్టుల చుట్టు తిరిగి రెండు తరముల ఆస్తిని కరగించుకొన్న కుటుంబములును గలవు. నీటిని పంచుటకు మనుష్యుడు కనిపెట్టిన సాధనములలో మిక్కిలి పురాతనమైనది రంధ్రము. గోడకు ఒక కన్నము, గొట్టమునకు ఒక మూతి, తూమునకు ఒక బిరడా, ఇంతియే. చూచుటకు ఇంతకన్న సులభమైన సాధనము లేదు. అంత సులభముగా కనిపించుటచేతనే అది చిరకాలము గొప్ప గొప్ప అధికారులను సైతము మోసపుచ్చినది.

నేటి ప్రసంగమునకు ఆధారమైన ప్రశ్న చిన్నది. ఎత్తున ఒక నీళ్ళతొట్టి యున్నది. దానినుండి వెడల్పాటి గొట్టము క్రిందికి దిగి వచ్చుచున్నది. గొట్టము కొనయందు నాజిల్ ఉన్నది, అనగా చిమ్మనగ్రోవి వంటి సన్నని మూతి. దానినుండి నీరు వేగముగా చిమ్ముచున్నది. ఆ మూతిని మార్చకుండ, వచ్చు నీటిని సరిగా సగమునకు తగ్గింపవలెను. అందులకై గొట్టము నడుమ, రెండు అతుకుల మధ్య, కన్నము గల ఒక లోహపుబిళ్ళను అడ్డముగా బిగింపవచ్చును. ఇంజనీర్లు దీనిని ఆరిఫిస్ ప్లేటు అందురు. ఆ బిళ్ళలో ఎంత కన్నము వేయవలెను? మూతి వ్యాసము 10 మిల్లీమీటర్లనుకొందము. ఈ ప్రశ్నకు పదిమందిలో తొమ్మండుగురు "5 మిల్లీమీటర్లు" అని తడుముకొనకుండ జవాబు చెప్పుదురు. పదవవాడు కొంత లెక్క తెలిసినవాడైనచో, వ్యాసము సగమైన వైశాల్యము నాలుగవవంతగునని గుర్తించి, "7 మిల్లీమీటర్లు" అనును. ఇద్దరి జవాబులును తప్పే. ఎందుకు తప్పో తెలియుటకు ముందు రోము నగరమునకు పోయి రావలసియున్నది.

క్రీస్తుశకము 97వ సంవత్సరమున నెర్వా చక్రవర్తి రోము నగరపు నీటి సరఫరాకు సెక్స్‌టస్ జూలియస్ ఫ్రాంటైనస్ అను నాతనిని అధికారిగా నియమించెను. ఈతడు అంతకుముందు బ్రిటన్ దేశమునకు గవర్నరుగా పనిచేసిన పెద్దమనిషి. అట్టివాడు కాలువల లెక్కలు చూచు కొలువునకు వచ్చి, గుమాస్తాల మీద భారము వేసి కూర్చుండక, తన శాఖ పనిని తానే నేర్చుకొనదలచెను. అధికారి తన క్రింది ఉద్యోగుల నోటిమాటపై నడచుటకన్న అవమానము లేదని అతని భావము. తన ఉపయోగము కొరకు తానే వ్రాసికొన్న గ్రంథము నేటికిని నిలిచియున్నది. అది ఇటలీలోని మోంటే కాసినో మఠపు గ్రంథాలయములో పడియుండగా 1429లో పొగ్గియో అను పండితుడు దానిని వెలికి తెచ్చెను. ఒక మఠమువారు ఒక వ్రాతప్రతిని చెదలపాలు కానీయకుండుటచేత రోమనుల నీటి పంపకము లోకమునకు తెలిసినది.

ఆనాడు తొమ్మిది కాలువలు కొండలనుండి రోముకు నీరు తెచ్చుచుండెను. నగరమున నిర్మించిన తొట్లలోనికి ఆ నీరు చేరును. ఒక్కొక్క హక్కుదారునికి తొట్టి గోడలో ఒక కంచుగొట్టము అమర్చుదురు. దానిపేరు కాలిక్స్. అది పండ్రెండు అంగుళీమానములకు, అనగా సుమారు 22 సెంటీమీటర్లకు, తక్కువ పొడవుండరాదు. కంచుతోనే చేయవలెను. ఏలయన సీసపు గొట్టమును ఎవడైన ఒక కర్ర దూర్చి వెడల్పు చేయగలడు. కంచు అంత సులభముగా లొంగదు. దానిపై ప్రభుత్వ ముద్ర వేయవలెను. నీటి కొలతకు మూలప్రమాణము క్వినేరియా, అనగా ఒకటింబావు అంగుళీమానము వ్యాసము గల గొట్టము. మన కొలతలో అది సుమారు 23 మిల్లీమీటర్లు. నీ వాటా ఇన్ని క్వినేరియాలు అని చెప్పినచో, అది గొట్టపు మూతి వైశాల్యమును చెప్పుటయే. గంటకు ఎన్ని కుండలు వచ్చునను ప్రసక్తి ఆ కొలతలో లేదు.

ఫ్రాంటైనస్ లెక్కలు చూచునప్పటికి విచిత్రము బయటపడెను. పద్దుపుస్తకములలో కాలువలకు వచ్చు నీరు మొత్తము 12,755 క్వినేరియాలు. పంచిపెట్టిన నీరు 14,018 క్వినేరియాలు. వచ్చిన దానికన్న 1,263 ఎక్కువ పంచిరి! ఇంటికి వచ్చిన ధాన్యము నూరు బస్తాలు, అమ్మినవి నూటపది బస్తాలు అని లెక్క వ్రాసిన గుమాస్తాను ఏ యజమాని ఊరకుండనిచ్చును? ఫ్రాంటైనస్ స్వయముగా కాలువల వెంబడి తిరిగి కొలిచెను. నీటి మనుష్యుల మోసములు ఒకటొకటిగా బయటపడెను. వీధిరాళ్ళ క్రింద దొంగగొట్టములు పోయియుండెను. వానిని పీకివేయగా బోలెడు సీసము దొరకినదట. హక్కు ఒకరినుండి మరియొకరికి మారినపుడు తొట్టికి క్రొత్త కన్నము వేసి, పాత కన్నమును మూయక, దానినుండి నీరు అమ్ముకొనుచుండిరి. కొన్ని కాలిక్సులకు ముద్రయే లేదు.

ఇవన్నియు ఏ దేశములోనైన జరుగునవే. విశేషము మరియొకటి యున్నది. ముద్ర సరిగా నుండి, కొలత సరిగా నుండి, దొంగతనమేమియు లేనిచోట గూడ ఒకనికి ఎక్కువ నీరు, ఒకనికి తక్కువ నీరు పోవుచున్నట్లు అతడు కనిపెట్టెను. తొట్టి గోడలో క్రిందుగా అమర్చిన గొట్టము ఎక్కువ లాగును, పైగా అమర్చినది తక్కువ లాగును. కనుక అన్నిటిని ఒకే మట్టమున వరుసగా అమర్చవలెనని అతడు వ్రాసెను. కంచుగొట్టము దాటిన వెంటనే వెడల్పైన సీసపుగొట్టము తగిలించినచో నీరు ఎక్కువ పోవునని రోమనులకు అనుభవముచే తెలియును. అందుచేత కాలిక్సునుండి 50 అడుగుల వరకు అదే కొలతగల గొట్టముండవలెనని సెనేటు వారు శాసించియుండిరి. రోగమేదియో వారికి తెలిసెను. మందు లెక్క మాత్రము తెలియలేదు. ఎంత లోతున నున్న ఎంత ఎక్కువ పోవును? ఈ ప్రశ్నకు ఫ్రాంటైనస్ వద్ద జవాబు లేదు. వైశాల్యమే కొలత అను పద్ధతిని అతడును విడువలేకపోయెను.

ఆ లెక్క తేలుటకు 1,500 ఏండ్లకు పైగా పట్టెను. ఇటలీ దేశమునందే, గెలీలియో వృద్ధుడై చూపు కోల్పోయిన చివరి మూడు నెలలు అతని వద్ద నుండి సేవచేసిన టారిచెల్లి అను శాస్త్రజ్ఞుడు 1644లో ప్రకటించిన గ్రంథమున ఆ సూత్రమును చెప్పెను. తొట్టి అడుగు రంధ్రమునుండి బయటికి వచ్చు నీటివేగము, నీటిమట్టమునుండి ఆ రంధ్రము వరకు స్వేచ్ఛగా పడిన రాతికి వచ్చు వేగముతో సమానము. అంతే సూత్రము. ఆ వేగము ఎత్తుతోపాటు సమానముగా పెరగదు. ఎత్తుయొక్క వర్గమూలమును అనుసరించి పెరుగును. ఎత్తు నాలుగింతలైన వేగము రెండింతలే యగును.

దీనిని చెరువుకట్టపై నిలుచుండి చూడవచ్చును. తూము కన్నము పైన 16 అడుగుల నీరు నిలిచియున్నపుడు నీరు సెకనుకు సుమారు 32 అడుగుల వేగముతో బయటపడవలెను. చెరువు తగ్గి 4 అడుగుల నీరు మిగిలినపుడు ఆ వేగము 16 అడుగులు. అనగా నీటి ఎత్తు నాలుగవవంతునకు పడిపోయినను తూము సగము నీరు ఇచ్చుచునే యుండును. కన్నము అదే, నీరు వేరు. ఈ సూత్రమును పుస్తకములో చదువని నీరటికాడు చెరువు తగ్గినకొద్ది తూమును కొంచెము కొంచెముగా ఎక్కువ తెరచుచు ఆయకట్టుకు అందించుచుండెడివాడు. అతని వేళ్ళకు ఆ వర్గమూలము తెలిసియుండెననుట అతిశయోక్తి కాదు.

టారిచెల్లి చెప్పినది వేగము మాత్రమే. వేగమును కన్నపు వైశాల్యముచే గుణించి చూచినవారికి, లెక్కకన్న కుండలోనికి వచ్చిన నీరు తక్కువగా కనిపించెను. ఇంగ్లండు దేశస్థుడగు న్యూటన్ తన మహాగ్రంథపు మొదటి ముద్రణమున ఈ విషయమున పొరపడి, 1713 నాటి రెండవ ముద్రణమున దిద్దుకొనెను. పలుచని రేకులోని కన్నమునుండి నీటిధార వెలువడునపుడు, కన్నమును దాటిన తరువాత ఆ ధార సన్నబడునని అతడు గమనించెను. నాలుగు ప్రక్కలనుండి కన్నమువైపు తోసికొని వచ్చు నీరు ఒక్కసారిగా మలుపు తిరుగలేదు. సంతలో ఇరుకు సందులోనికి దూరబోవు జనము దానియంచులను ఒరసికొనక నడుమకు ఒదిగినట్లు నీరును నడుమకు ఒదుగును. కావున వాడియైన అంచు గల కన్నములో 100 పాళ్ళ వైశాల్యమున్నను సుమారు 62 పాళ్ళే పనిచేయును. నాజిల్ సంగతి వేరు. అది లోపల నునుపుగా, క్రమముగా సన్నబడునట్లు చేయబడుటచేత అందు 100కు 98 పాళ్ళు పనికి వచ్చును. ఒకే వ్యాసము గల రెండు కన్నములు, అంచు తేడాచేతనే, వేర్వేరు కన్నములై పోవుచున్నవి.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము.

తొట్టి నాజిల్‌కన్న 10 మీటర్ల ఎత్తున నున్నదనుకొందము. గొట్టము 50 మిల్లీమీటర్ల వెడల్పుగలది, పొట్టిది. దానిలోని రాపిడిని ప్రస్తుతము లెక్కింపనక్కరలేదు. 10 మీటర్ల ఎత్తు అనునది నీటిచేతికి ఇచ్చిన సొమ్ము. నీరు ఆ సొమ్మును దారిలో ఖర్చుపెట్టుకొనుచు బయటికి వచ్చును. అడ్డుబిళ్ళ లేనపుడు సొమ్మంతయు నాజిల్ వద్దనే ఖర్చగును. వేగము సెకనుకు 14 మీటర్లు. నాజిల్ వైశాల్యము 78.5 చదరపు మిల్లీమీటర్లు, అందు పనిచేయునది 77. సెకనుకు 1.08 లీటర్లు, అనగా నిమిషమునకు సుమారు 65 లీటర్ల నీరు వచ్చును.

సగము కావలెనన్న నాజిల్‌లో వేగము సగము కావలెను. వేగము సగమగుటకు నాజిల్ అడుగు వెల నాలుగవవంతే, అనగా 2.5 మీటర్లు. మిగిలిన 7.5 మీటర్లను అడ్డుబిళ్ళ వద్ద ఖర్చుచేయింపవలెను. ప్రశ్న యంతయు ఈ మాటలోనే యున్నది. కన్నము పెద్దదా చిన్నదా అని చూచుటకు ముందు, ఏ కన్నము వద్ద ఎంత ఎత్తు ఖర్చగునో పంచి చూడవలెను. 7.5 మీటర్ల ఎత్తు పుట్టించు వేగము సెకనుకు సుమారు 12.1 మీటర్లు. ఆ వేగముతో 0.54 లీటర్లు పోవుటకు పనిచేయు వైశాల్యము 44.5 చదరపు మిల్లీమీటర్లు చాలును. వాడి అంచుగల కన్నములో 62 పాళ్ళే పనిచేయును గనుక వేయవలసిన కన్నము వైశాల్యము సుమారు 72 చదరపు మిల్లీమీటర్లు. వ్యాసము ఇంచుమించు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు.

10 మిల్లీమీటర్ల మూతినుండి వచ్చు నీటిని సగము చేయుటకు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల కన్నము! మూతి అంత కన్నమును మరల అడ్డువేసినచో నీరు సగమగును. తొందరపడి 5 మిల్లీమీటర్ల కన్నము వేసిన మనిషికి ఏమి జరుగును? ఎత్తులో నూటికి 97 పాళ్ళకు పైగా బిళ్ళ వద్దనే కరగిపోయి, నీరు ఆరవవంతునకు పడిపోవును. నాజిల్ చిమ్ముట మాని కారుచుండును. ఇంకొకడు భయపడి మూతికి రెండింతలుగా 20 మిల్లీమీటర్ల కన్నము వేసినచో నీరు నూటికి 7 పాళ్ళు మాత్రమే తగ్గును, ఆ తేడా కంటికి కనిపించదు. వెడల్పైన కన్నము ఏమియు చేయదు, కొంచెము సన్నబడగానే అంతయు చేసివేయును. కొళాయి మరను సగము త్రిప్పినను నీరు తగ్గక, చివరి ఒకటి రెండు చుట్లలో ఒక్కసారి పడిపోవుటకు గల కారణములలో ఇదియు ఒకటి.

ఇచ్చట ఒక సందేహము రావచ్చును. బిళ్ళ ఎందుకు, నాజిల్‌నే చిన్నది చేయరాదా? చేయవచ్చును. 7 మిల్లీమీటర్ల నాజిల్ వేసినచో నీరు సగమగును. కాని అపుడు వేగము తగ్గదు; ధార సన్నగానైనను పూర్వమంత దూరము పోవును. బిళ్ళ వేసినపుడు ధార లావుగానే యుండి వేగము సగమగును, పైకి చిమ్మినచో 10 మీటర్లకు మారుగా రెండున్నర మీటర్లకు మించదు. నీరు సగము, ఎత్తు నాలుగవవంతు గనుక ఆ ధారలోని బలము ఎనిమిదవవంతు మాత్రమే. నారుమడి మీద మెల్లగా పడవలసిన నీటికి బిళ్ళ తగును. దూరపు చెట్టును తడపవలసిన నీటికి చిన్ననాజిల్ తగును. నీరు తగ్గవలెనా, ఊపు తగ్గవలెనా అని తేల్చుకొనకుండ కొలతలు తీయబూనుట తెలివైన పని కాదు.

బిళ్ళ అంచు విషయమున మరల హెచ్చరిక అవసరము. వాడి అంచు నీరు వచ్చు వైపునకు ఉండవలెను. ఇసుక నీటిలో కొన్నాళ్ళకు ఆ అంచు అరగి గుండ్రనగును. అది నాజిల్‌వలె పూర్తిగా నునుపెక్కినదనుకొన్నచో, అదే తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల కన్నమునుండి సగమునకు బదులు మూడింట రెండువంతుల నీరు పోవును. కన్నపు వ్యాసమును కొలిచి చూచినవానికి ఏ తేడాయు కనిపించదు. రోము తొట్లలోని వెడల్పు గొట్టపు రహస్యమును ఈ కోవలోనిదే. 1797లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంటూరి, సన్నని మూతికి వెనుక మెల్లగా వెడల్పగు గొట్టమును తగిలించినచో నీరు ఎక్కువ పోవునని ప్రయోగములతో చూపెను. మెల్లగా విస్తరించు దారిలో వేగము తగ్గుచు, ఖర్చయిన ఎత్తులో కొంత తిరిగి చేతికి వచ్చును. అడ్డుబిళ్ళ వెనుక ఆ వెసులుబాటు లేదు. సన్నని ధార ఒక్కసారిగా వెడల్పు గొట్టములోని నీటిలో పడి సుడులుగా చెదరిపోవును. ఆ చెదరుటయే బిళ్ళ చేయు పని. కనుకనే బిళ్ళను నాజిల్‌కు ఆనించి బిగింపరాదు. సుడులు సర్దుకొనుటకు నడుమ కొంత తిన్నని గొట్టముండవలెను. లేనిచో నాజిల్ ధార మూతివద్దనే తుంపరలై విరిగిపోవును.

ఎత్తు వందల మీటర్లు ఉన్నచోట్ల మరియొక ప్రమాదము గలదు. ఒకే కన్నము వద్ద అంత ఎత్తును ఖర్చుచేయింపబోయినచో, కన్నపు నడుమ వేగము మిక్కుటమై ఒత్తిడి పడిపోయి, చల్లని నీరే ఆవిరి బుడగలై లేచును. ఆ బుడగలు కొంచెము దూరము పోయి ఒక్కుమ్మడిగా పగులునపుడు గొట్టములో కంకరరాళ్ళు దొర్లినట్లు చప్పుడగును, ఉక్కు సైతము గుంటలు పడును. అట్టిచోట్ల ఒక బిళ్ళకు బదులు, నడుమ ఎడమిచ్చి, మూడు నాలుగు బిళ్ళలను పెద్ద కన్నములతో వేసి ఖర్చును పంచుదురు.

ఈ లెక్క తప్పినచో పంటలే కాదు, ప్రాణములును పోవును. ఎత్తైన భవనములలో నిప్పు ఆర్పు గొట్టములకు క్రింది అంతస్తులలో ఒత్తిడి ఎక్కువగా నుండును. మనుష్యుల చేతులు పట్టలేనంత బలముతో నీరు చిమ్మును. అందుచే ప్రతి అంతస్తులోను ఒత్తిడిని తగ్గించు అడ్డుబిళ్ళలో, కవాటములో అమర్చుదురు. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున వన్ మెరిడియన్ ప్లాజా అను 38 అంతస్తుల భవనములో 22వ అంతస్తున నిప్పంటుకొనెను. అక్కడి కవాటములు ఒత్తిడిని ఎంత తగ్గింపవలెనో అంతకన్న చాల ఎక్కువగా తగ్గించునట్లు అమర్చబడియుండెను. అగ్నిమాపక దళమువారు తెచ్చిన నాజిల్‌లకు కావలసినంత ఒత్తిడి అందలేదు. ధార మంటను చేరలేదు. ఆ కవాటములను సరిచేయగల మనిషి వచ్చునప్పటికి గంటలు గడచెను. ముగ్గురు అగ్నిమాపకులు ప్రాణములు కోల్పోయిరి. మంట అంతస్తులను దాటి పైకెక్కి, తుదకు 30వ అంతస్తులో పైకప్పునకు అమర్చిన పది నీటిచిమ్ములు తెరచుకొనగా ఆగిపోయెను. పది చిన్న మూతులు, సరియైన ఒత్తిడితో.

బిళ్ళను నమ్ముకొన్నవారు మరువరాని సంగతి మరియొకటి యున్నది. నాజిల్ మూసివేసినపుడు బిళ్ళ ఏమియు చేయదు. నీరు కదలినపుడే ఎత్తు ఖర్చగును. కదలని నీటికి ఖర్చు లేదు. బిళ్ళ వెనుకను ముందును అదే పూర్తి ఒత్తిడి నిలుచును. కాబట్టి బలహీనమైన రబ్బరు గొట్టమును బిళ్ళ కాపాడునను నమ్మకముతో కొనను మూసి వదలినచో, గొట్టము పగిలిన చప్పుడుతో నిద్ర లేవవలసివచ్చును.

కన్నము లేకయే అడ్డు కల్పించు మార్గమును గలదు. అది గొట్టపు పొడవు. ఇంతవరకు విడిచిపెట్టిన రాపిడి ఇచ్చట పనికి వచ్చును. పైలెక్కలోని 50 మిల్లీమీటర్ల గొట్టమునకు బదులు 25 మిల్లీమీటర్ల గొట్టమును నూరు మీటర్లకు కొంచెము పైగా వేసినచో, ఆ గొట్టము గోడల రాపిడియే 7.5 మీటర్లను తినివేయును. బిళ్ళ అక్కరలేదు. ఊరి చివరి వీధులకు నీరు సన్నగా వచ్చుటలో ఎవరి మోసమును లేకుండ ఈ కారణము ఒక్కటే ఉండవచ్చును. సగము తగవులు ఇచ్చటనే తీరవలసినవి.

ఇజ్రాయెలు దేశమున సిమ్హా బ్లాస్ అను ఇంజనీరు ఈ రాపిడినే వరముగా మార్చుకొనెను. మొక్క మొదట గంటకు 2 లీటర్ల నీరు బొట్లుబొట్లుగా పడవలెననుకొందము. 10 మీటర్ల ఎత్తు గల గొట్టమునకు అందుకై వేయవలసిన కన్నము మిల్లీమీటరులో మూడవవంతు కూడ ఉండదు. ఒక ఇసుకరేణువు చాలు, అది పూడిపోవుటకు. ఆతడు కన్నమును అంత సన్నము చేయక, నీటిని పొడవైన సన్నగొట్టపు చుట్టలో త్రిప్పి త్రిప్పి అలసింపజేసెను. దారి వెడల్పు, ఖర్చు మాత్రము అంతే. 1965లో హత్సెరిమ్ అను సామూహిక గ్రామమువారితో కలసి ఆయన ఆ పరికరముల తయారీకి పూనుకొనెను. బిందుసేద్యమని నేడు ఆంధ్ర, తెలంగాణ రైతులకు చిరపరిచితమైన పద్ధతి అట్లు వ్యాపించినది. తరువాత వచ్చిన కొన్ని బిందు పరికరములలో చిన్న రబ్బరుపొర యుండును. ఒత్తిడి పెరిగినకొద్ది ఆ పొర వంగి దారిని ఇరుకు చేయును, ఒత్తిడి తగ్గిన విడిచిపెట్టును. మిట్టనున్న మొక్కకును పల్లమున నున్న మొక్కకును ఒకే కొలతగా నీరు పడును. కాలిక్సులన్నిటిని ఒకే మట్టమున నిలుపుటకు తంటాలుపడిన ఫ్రాంటైనస్‌కు ఈ గవ్వంత రబ్బరుముక్క దొరకియుండిన, అతని గ్రంథములో సగము అధ్యాయములు తగ్గియుండెడివి.

తోటకో, దొడ్డికో అడ్డుబిళ్ళ వేసికొనగోరువారు లోహపుబిళ్ళను సంపాదించి, లెక్కకు వచ్చిన దానికన్న అరమిల్లీమీటరు తక్కువగా మొదట కన్నము వేయవలెను. కన్నమును పెద్దది చేయవచ్చును గాని చిన్నది చేయుట సాధ్యము కాదు. గొట్టములోని వంపులు, అతుకులు, తుప్పు ఎంత ఎత్తును తినుచున్నవో ఏ కాగితపు లెక్కయు పూర్తిగా చెప్పజాలదు గనుక, బిళ్ళను బిగించి, 16 లీటర్ల బకెట్టును నాజిల్ క్రింద పెట్టి గడియారము చూడవలెను. 30 సెకనులలో నిండినచో పైలెక్క ప్రకారము సరిగా సగము. ఇంకను ఆలస్యమైనచో బిళ్ళను విప్పి, కొంచెము ఆకురాయి పట్టించి, అంచు వాడి పోకుండ చూచి, మరల బిగించి మరల నింపవలెను. తొట్టిలో నీటిమట్టము రెండుసారులును ఒక్కటిగా నుండునట్లు చూచుకొనుట మాత్రము మరువరాదు.